కనకాంబరం అంటే దూరం

మూడేళ్ళు వాణ్ణి నేను తలకిందులుగానే చూశాను.
నా రెండు కాళ్ళ సందులోంచి
పైన ఎర్రమట్టి, కింద ఆకాశం,
నడుమ ఓబులేసు చాచిన అరచేతులు.

బంతిని వెనక్కి అందించడం నా పని.
ఆ తర్వాత వాడేం చేశాడో
జనం కేకల్ని బట్టి తెలుసుకోవాల్సిందే.
నా మొహం అప్పటికే
ఎవడి ఛాతీలోనో కూరుకుపోయి ఉండేది.

"ఇదేం ఆట్రా, టెంకాయతో కబడ్డీ"
అన్నాడు మా గ్యాస్ ఏజెన్సీ ఓనరు.
ఎవరో డబ్బున్నవాళ్ళు లీగ్ అన్నారు,
నెలకు పన్నెండు వేలు, రోజుకు నాలుగు గుడ్లు.
సిలిండర్లు మోసే నన్ను చూసి సెంటర్ అన్నారు.
కె.ఆర్. మార్కెట్లో లారీ మీంచి
తలల మీదుగా, గొడుగుల మీదుగా
అంగడి గడపలోకే పూలమూట విసిరేవాణ్ణి చూసి
క్వార్టర్‌బ్యాక్ అన్నారు.
ఇంటికెళ్ళి చెబితే
మొదటి ముక్క మాత్రమే విని
వాళ్ళమ్మ చీపురు తీసింది.

కోచ్ నేర్పిన ఇంగ్లీషు పేర్లు వాడి నోట నిలవలేదు.
చామంతి అంటే కుడికి, దగ్గరగా.
మరువం అంటే ఎవరికీ ఇవ్వడు, తనే దూరతాడు.
కనకాంబరం అంటే
పరిగెత్తండ్రా, గోడ తగిలేదాకా పరిగెత్తండి.
పూణే వాళ్ళు పాపం
మేమేదో అర్చన చేస్తున్నామనుకున్నారు,
మూడోసారి పాయింట్లు పోయేదాకా.

ఒకసారి బస్సులో అడిగాను,
కదిలేవాడి చేతుల్లో ఎట్లా పడుతుందిరా అని.
"మనిషి ఉండే తావుకి ఎయ్యకూడదన్నా.
వాడు రాబొయ్యే తావుకి ఎయ్యల్ల.
రాకపోతే వాని తప్పు."
కలాసిపాళ్యం వచ్చేదాకా మాట్లాడలేదు.
దిగేటప్పుడు అన్నాడు,
"రాసేది మాత్రం నా లెక్కలోనే."

ఆడినవి పద్నాలుగు, గెలిచినవి ఐదు.
నలభై మందికి ఇరవై ఆరు హెల్మెట్లు.
బయటికొచ్చినవాడి చెమట
లోపలికెళ్ళేవాడి నుదుట వెచ్చగా తగిలేది.
పేపర్లో ఒకేసారి ఫోటో,
దాంట్లోనూ నా వీపే పెద్దగా.

యలహంక దగ్గర ఆఖరి ఆట. వాన.
నేనొకణ్ణి వదిలేశాను.
వాడేం లావు కూడా లేడు,
చెన్నై నుంచి వచ్చిన కుర్రాడు.
తలుపు తీసున్న ఇంట్లోకి పిల్లి దూరినట్టు
నా భుజం పక్క నుంచి జారిపోయాడు.
ఓబులేసు చెయ్యి అప్పుడే ముందుకొస్తోంది.
పచ్చి కొమ్మ విరిచినట్టు
వెనకాల చప్పుడు.
బంతి మాత్రం వెళ్ళింది.
ఎక్కడ పడిందో ఎవరూ చూడలేదు.

నెల తిరక్కుండా లీగు మూసేశారు.
ఆఖరి జీతం బదులు జెర్సీలిచ్చారు.
వాడి పన్నెండో నంబరు
ఇప్పుడు స్కూటర్ సీటు తుడవడానికి పనికొస్తోంది.

తెల్లారి నాలుగింటికి
సిలిండర్ల బండి మార్కెట్ వెనక ఆపుతాను.
హోసూరు లారీ మీద ఇంకెవడో కుర్రాడు విసురుతుంటాడు,
వీడు కింద నిలబడి చీటీలు రాస్తుంటాడు, ఎడమచేత్తో.
కుడిచెయ్యి ఛాతీ దాకా లేస్తుంది.
టీ గ్లాసుకు అది చాలంటాడు.

ఆ కుర్రాడి మూటలు
ఎప్పుడూ ఒక అడుగు ముందు పడతాయి.
చూసి చూసి చీటీల వైపు తల తిప్పుకుంటాడు.
చెప్పొచ్చు కదరా అన్నాను.
"వాడు అడగనీ అన్నా."

నేను కూడా అడగాల్సిందొకటుంది.
ఏడేళ్ళుగా టీ డబ్బులు నేనే ఇస్తున్నాను.

ఇవాళ మా వెనక ఒక ముసలమ్మ
బేరానికి గట్టిగా అరిచింది, కనకాంబరం అని.
గ్లాసు చేతిలో ఉండగానే
నా నడుము సగం వంగింది.
వాడు చూశాడు.
వాడి వేళ్ళు కూడా
అప్పటికే విచ్చుకుని ఉన్నాయి.